రిలే కనుగొనిన పంతులు – జోసెఫ్ హెన్రీ

మార్టూరు జాతీయ రహదారిపైనున్న ఊరు. మద్రాసు నుండి విజయవాడకు పోవు రైలుమార్గము దానికి తూర్పుగా చీరాల, బాపట్లల మీదుగా సాగుచున్నది. పర్చూరు దాటి సముద్రతీరపు గ్రామములకు పోవువారందరును ఎప్పుడో యొకప్పుడు రైలుగేటు నెదుట నిలిచినవారే. ప్రత్తిబోరెముల లారీ, మిరపటిక్కీల బండి, బడికి పోవు పిల్లల సైకిళ్లు అన్నియు ఆ అడ్డుకర్ర ముందు వరుసగా ఆగును. రైలు ఇంకను కంటికి కనబడదు, కూతయు వినబడదు. ఐనను గేటు పడును, సిగ్నలు మారును. ఎక్కడనో యున్న బండి జాడ ఇక్కడికి ఎట్లు తెలియుచున్నది?

పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలలో ఉత్సాహవంతులగు బాలురు చెక్కపలక మీద చిన్న పట్టాలు పరచి, వానిపై బొమ్మరైలును నడపి, బండి రాగానే తనంతట తాను పడి, బండి పోగానే తనంతట తాను లేచు గేటును చేయుట కలదు. ఆ బొమ్మకును, నిజమైన రైలుమార్గములపై దీర్ఘకాలము పనిచేసిన సిగ్నలు ఏర్పాట్లకును ప్రాణము ఒక్కటే. అది రిలే యను చిన్న పరికరము. ఒక తీగచుట్ట, దాని నడుమ ఒక మెత్తని ఇనుపకడ్డీ, ఎదుట ఒక ఇనుపనాలుక: ఇంతియే. దీని మూలసూత్రమును మొదట చేసి చూపినవాడు కోటీశ్వరుడు కాడు, కర్మాగారాధిపతి కాడు. విద్యార్థులకు పాఠము చెప్పుకొని బ్రతికిన పంతులు. ఆయన పేరు జోసెఫ్ హెన్రీ.

హెన్రీ 1797వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున ఆల్బనీ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు స్కాట్లండు నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములవారు, నిరుపేదలు. బాల్యమున కొంతకాలము ఆయన గాల్వే యను పల్లెలో అమ్మమ్మగారి యింట పెరిగెను. అక్కడ బడికి పోవుచు, మిగిలిన వేళ ఒక అంగడిలో పనిచేసెను. తండ్రి చిన్ననాడే మరణించెను. పదమూడవ యేట హెన్రీ ఆల్బనీలో గడియారములు బాగుచేయు వెండిపనివాని యొద్ద శిష్యుడుగా చేరెను. ఆనాడు ఆ బాలుని మనస్సు శాస్త్రముపై లేదు. నాటకములనిన ఆయనకు ప్రాణము. నటుడు కావలెననియే ఆయన కోరిక.

పదునారవ యేట ఆయనకు జబ్బుచేసి కొన్నాళ్లు మంచము పట్టెను. ఇంట అద్దెకున్న యొకరు వదలిన పుస్తకము చేతికందెను. రాయి పైకి విసరిన నేల ఎందుకు రాలును, జ్వాల పైకే ఎందుకు లేచును అను ప్రశ్నలకు తేటమాటలలో సమాధానమిచ్చు ప్రకృతిశాస్త్ర వ్యాసముల సంపుటమది. ఆ పుస్తకము ముగియునప్పటికి నాటకశాల మీది మోజు వెనుకబడెను. పుస్తకమును ఆయనకే ఇచ్చివేసిరి. హెన్రీ దానిని జీవితాంతము పదిలపరచుకొనెను. గ్రంథాలయములో మూలనున్న ఒక పుస్తకము ఏ బాలుని చేతిలో పడి ఏమి చేయునో ముందుగా నెవరు చెప్పగలరు?

1819లో ఆయన ఆల్బనీ అకాడమీలో చేరెను. ఫీజు చెల్లించు శక్తి లేదు కనుక ఉచితముగా చేర్చుకొనిరి. తోటివారికంటె వయస్సున పెద్దవాడు. పల్లెబడిలో చదువు చెప్పియు, ధనికుల పిల్లలకు ఇండ్లలో పాఠములు చెప్పియు పొట్ట పోసికొనుచు చదువుకొనెను. ఒకప్పుడు వైద్యుడు కావలెననుకొనెను. మరియొకప్పుడు హడ్సన్ నది నుండి ఈరీ సరస్సు వరకు వేయదలచిన రహదారికి కొలతలు తీయు పనికి పోయెను. తుదకు 1826లో తాను చదివిన అకాడమీయే ఆయనను గణితమునకును, ప్రకృతిశాస్త్రమునకును ఆచార్యునిగా నియమించెను.

ఆ ఉద్యోగము సులభమైనది కాదు. దినమునకు సుమారు ఏడు గంటలు పాఠములు చెప్పవలెను. అందు ఎక్కువ భాగము చిన్నపిల్లలకు అంకెలు నేర్పుటతోనే సరిపోయెడిది. పరిశోధనకు వేరు గది లేదు. ఆగస్టు నెలలో సెలవులిచ్చినప్పుడు మాత్రమే పెద్దహాలు ఆయనకు దొరకెడిది. ఆ ఒక్క నెలలో తీగలు పరచి, అయస్కాంతములు కట్టి, పరీక్షలు చేసి, బడి తెరచునాటికి అన్నియు సర్దివేయవలెను. అసంపూర్తిగా మిగిలినది మరుసటి ఆగస్టు వరకు ఆగవలసినదే. ఈనాడు తరగతిగదినే ప్రయోగశాలగా మార్చుకొనవలసివచ్చు మన ఉపాధ్యాయులకు ఈ కష్టము వేరుగా వివరింపనక్కరలేదు.

ఇంగ్లండులో విలియం స్టర్జన్ అను నాయన 1825లో మొదటి విద్యుదయస్కాంతమును చేసి చూపియుండెను. లాడమువలె వంచిన ఇనుపకడ్డీకి వార్నీషు పూసి, దానిపై ఉత్త రాగితీగను ఎడముగా చుట్టి, విద్యుత్తును పంపినచో అది అయస్కాంతమై తొమ్మిది పౌనుల బరువును ఎత్తినది. తీగచుట్లు ఒకదానికొకటి తగిలినచో విద్యుత్తు అడ్డదారిన పోవును గనుక ఎక్కువ చుట్లు వేయుటకు వీలులేకపోయెను. హెన్రీ ఆ పద్ధతిని తలక్రిందులు చేసెను. కడ్డీకి పూత వేయుటకు మారుగా తీగకే పట్టుదారము చుట్టెను. ఇక చుట్టు మీద చుట్టు, పొర మీద పొర ఎంత దట్టముగనైనను వేయవచ్చును. ఫలితము ఆశ్చర్యకరము. 1831లో యేల్ కళాశాల కొరకు ఆయన చేసి పంపిన అయస్కాంతము రెండువేల పౌనులకు పైబడిన బరువును, అనగా తొమ్మిది వందల కిలోగ్రాములకు మించిన దానిని మోసినది. దానికి ప్రాణమిచ్చినది ఒక చిన్న విద్యుద్ఘటము.

ఇంతకంటె ముఖ్యమైన విషయము మరొకటి ఆయన గ్రహించెను. అయస్కాంతమును రెండు విధములుగా చుట్టవచ్చును. అనేకములగు పొట్టి తీగలను విడివిడిగా చుట్టి అన్నిటిని ఒకే ఘటమునకు కలిపినచో మిక్కిలి బరువునెత్తును, గాని దూరము నుండి పనిచేయదు. ఒకే పొడవైన తీగను అనేకమారులు చుట్టి, వరుసగా కూర్చిన పెక్కు ఘటముల మాలతో కలిపినచో అంత బరువు ఎత్తదు, గాని ఘటములు ఎంతో దూరమున నున్నను పనిచేయును. ఈ రెండవ విధమును చూపుటకు ఆయన అకాడమీ గదిగోడల వెంబడి మైలుకు పైగా తీగను త్రిప్పి కట్టెను. ఆ చివర ఘటములు కలుపగానే ఈ చివర అయస్కాంతపు కడ్డీయొకటి గిరుక్కున తిరిగి గంటను కొట్టెడిది. దూరపు మాటను మోయు తంతికి ఆ గంటయే తొలిపలుకు అనవచ్చును.

ఐనను బడి పని ఆయనను ఒక్కచోట దెబ్బతీసెను. తీగచుట్ట దగ్గర అయస్కాంతబలము మారినప్పుడు తీగలో విద్యుత్తు పుట్టునను సత్యమును ఆయన స్వయముగా కనుగొనియుండెను. పెద్దయెత్తున మరల పరీక్షించి ప్రకటింపవలెనని సెలవుల కొరకు వేచియుండగా, 1831లో లండనులో మైకేల్ ఫారడే అదే సత్యమును కనుగొని లోకమునకు తెలిపెను. ఆ గౌరవము న్యాయముగా ఫారడేకే దక్కినది. హెన్రీ 1832లో తన ఫలితములను ప్రకటించుచు, ఒకే తీగచుట్టలో విద్యుత్తు ఆగిన క్షణమున దానియందే మరల విద్యుత్తు పుట్టుటను కూడ వివరించెను. స్వయంప్రేరణ యను ఈ ధర్మమును మొదట లోకమునకు తెలిపినవాడు హెన్రీయే.

1832లో ప్రిన్స్‌టన్‌లోని కళాశాల ఆయనను పిలిచెను. అక్కడనే, 1835 ప్రాంతమున, మన కథకు మూలమగు పరికరము రూపొందినది. పెద్ద అయస్కాంతమునకు వందలకొలది పౌనుల బరువు వ్రేలాడదీసి, దాని వలయములోని ఒక చిన్న తీగముక్క కొనలను పాదరసపు గిన్నెలలో ముంచియుంచెను. ఆ తీగముక్కకు పైన చిన్న అయస్కాంతమొకటి. ఈ చిన్నదానికి విద్యుత్తు దూరము నుండి పొడవైన తీగపై వచ్చును. దూరమున నున్నవాడు ఘటమును కలుపగానే చిన్న అయస్కాంతము తీగముక్కను పైకి లాగును. పాదరసము నుండి కొనలు తొలగును. పెద్దవలయము తెగును. బరువంతయు ఒక్కపెట్టున దభాలున నేలపై పడును. తరగతిలోని విద్యార్థులు ఉలిక్కిపడెడివారు.

ఇందలి విశేషమును గమనింపవలెను. దూరము నుండి వచ్చిన బలము అత్యల్పము. అది బరువును కదల్చలేదు. కాని బరువును నిలిపియుంచు మరియొక బలమునకు తలుపు తీయగలదు, మూయగలదు. మన కాలువల తూముల దగ్గర ఇదియే చూచుచున్నాము. తూముతలుపు నెత్తు పాలేరు బలము పొలమునకు పారదు. పారునది కాలువనీరే. కాని పాలేరు చేయి లేక నీరు కదలదు. రిలే యనగా విద్యుత్తునకు తూముతలుపు.

ప్రిన్స్‌టన్‌లో తన ప్రయోగశాల నుండి ఇంటికి తీగ వేసి హెన్రీ ఇల్లాలికి సంకేతములు పంపెడివాడు. నేలనే తిరుగుదారిగా వాడి రెండవ తీగ ఖర్చును తప్పించెను. 1840 నుండి ఆయన ప్రయోగములకు కుడిభుజమై నిలిచినవాడు శామ్ పార్కర్ అను నల్లజాతీయుడు. పరికరములు సిద్ధపరచుట, ఘటములను చూచుకొనుట, పెక్కుమారులు విద్యుత్తు అదరును తన శరీరముపై భరించుట ఆయన వంతయ్యెను. చరిత్ర పుస్తకములలో ఆయన పేరు చాలకాలము కానరాలేదు. పంతులు పేరు చెప్పుకొనునప్పుడు పార్కర్ పేరును చెప్పుకొనుట న్యాయము.

హెన్రీ తన కనుగొనుటలలో దేనికిని పేటెంటు తీసికొనలేదు. శాస్త్రము అందరిదనియు, దానిని తాళము వేసి దాచుట శాస్త్రజ్ఞునకు తగదనియు ఆయన నమ్మకము. ఆ నమ్మకమునకు ఆయన పెద్దవెలయే చెల్లించెను. శామ్యూల్ మోర్సు అను చిత్రకారుడు తంతియంత్రమును నిర్మింపబూని, తన అయస్కాంతము కొద్దిదూరమునకే పనిచేయుట చూచి నిస్పృహ చెందియుండగా, లెనార్డ్ గేల్ అను ఆచార్యుడు హెన్రీ ప్రకటించిన వ్యాసమును చదివియున్నవాడగుటచే దారి చూపెను. హెన్రీయు మోర్సుకు అడిగిన సలహాలిచ్చి, 1842లో ఆయన పథకమును బలపరచుచు లేఖ వ్రాసెను. 1844 మే 24న వాషింగ్టను నుండి బాల్టిమోరుకు తంతి పలికెను. మరుసటి యేడు మోర్సు సహచరుడు ప్రకటించిన తంతిచరిత్రలో హెన్రీకి తగిన స్థానము లేకపోయెను.

తరువాత పేటెంటు వ్యాజ్యములు వచ్చినవి. హెన్రీని సాక్షిగా పిలిచిరి. ఆయన స్వార్థము లేకయే, తనకు తెలిసినది తెలిసినట్లు చెప్పెను. 1854లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము మోర్సు యంత్రముపై ఆయన హక్కును అంగీకరించి, విద్యుదయస్కాంతముతో దూరమున వ్రాయు సమస్త పద్ధతులును తనవే యను అధికమైన కోరికను మాత్రము త్రోసిపుచ్చెను. మోర్సు కోపించి 1855లో హెన్రీ సత్యసంధతనే శంకించుచు ఒక పుస్తకమును ప్రకటించెను. హెన్రీ వీధికెక్కి వాదులాడలేదు. 1857లో తాను పనిచేయు సంస్థ పాలకవర్గమునే విచారణ జరుపుమని కోరెను. వారు పత్రములన్నియు పరిశీలించి ఆయన మాటయే సత్యమని తేల్చిరి. ధనము పోయినందుకు ఆయన చింతింపలేదు. తన మాటను అసత్యమనుట మాత్రము ఆయనను గాయపరచెను.

ఆ సంస్థ స్మిత్‌సోనియన్. జేమ్స్ స్మిత్‌సన్ అను ఆంగ్లేయుడు తానెన్నడును అడుగుపెట్టని అమెరికాకు, జ్ఞానాభివృద్ధికై విడిచిన ఆస్తితో అది వెలసినది. 1846 డిసెంబరులో హెన్రీ దానికి మొదటి కార్యదర్శి యయ్యెను. తన ప్రయోగములను చాలవరకు మానుకొని, ఇతరుల ప్రయోగములకు తోడ్పడుటయే పనిగా పెట్టుకొనెను. తంతి ఉద్యోగులు ప్రతిదినము ఊరూరి వాతావరణమును తెలుపునట్లు ఏర్పాటు చేసి, ఆ వార్తలను పెద్దపటముపై గుర్తించి ప్రజలకు చూపించెను. తుఫాను రాక ముందే తెలియజేయు నేటి శాఖలకు అది బీజములలో ఒకటి. తుఫానులకు నిత్యము గురియగు మన కోస్తావాసులు ఆ పటమును కూడ స్మరింపదగును.

1865 జనవరి 24న ఆ సంస్థ భవనము కాలిపోయెను. పనివారు తాత్కాలికముగా పెట్టిన పొయ్యి గొట్టమును పొగదారియనుకొని గోడలోని బోలు చోటికి కలుపుటచే నిప్పంటుకొనెను. హెన్రీ గదియు, అందలి వేలకొలది లేఖలును, పత్రములును బూడిదయయ్యెను. తప్పుగా కలిపిన ఒక్క గొట్టము ఎంత పని చేసెనో చూడుడు. తీగలు కలుపు విద్యార్థులకు ఇది మరువరాని పాఠము.

ఇక రైలుగేటు వద్దకు వత్తము. 1870లో విలియం రాబిన్సన్ అను నాయన న్యూయార్కులోని ప్రదర్శనలో, పనిచేయు పెద్ద రైలునమూనాను పెట్టి, బండి తానే సిగ్నలు వేయు విధానమును చూపెను. బండి చక్రము ఒక మీటను నొక్కినచో సిగ్నలు పడును. దూరమున మరియొక మీటను నొక్కినచో లేచును. పెన్సిల్వేనియాలో కింజువా వద్ద నిజమైన రైలుమార్గముపై దీనిని నిలిపినప్పుడు లోపము బయటపడెను. బండి నడుమ తెగి కొన్ని పెట్టెలు వెనుక నిలిచిపోయినను, ముందుభాగము రెండవ మీటను దాటగానే దారి నిరపాయమని సిగ్నలు చూపును. తీగ తెగినను హెచ్చరిక రాదు. రాబిన్సన్ దీర్ఘముగా ఆలోచించి 1872లో వేరొక పద్ధతికి పేటెంటు పొందెను. అదియే పట్టాల వలయము.

బొమ్మపై దీనిని ఎట్లు కట్టవలెనో చెప్పుదుము. పట్టాలలో ఒక భాగమును రెండు కొనలయందును అట్టముక్కలతో తక్కిన పట్టాల నుండి వేరుచేయవలెను. ఆ భాగమునకు ఒక కొన రెండు పట్టాలకును ఘటమును, దానితో వరుసగా ఒక నిరోధమును కలుపవలెను. రెండవ కొన పట్టాల నడుమ రిలే చుట్టను కలుపవలెను. బండి లేనప్పుడు విద్యుత్తు ఒక పట్టాపై పోయి, రిలే చుట్ట గుండా రెండవ పట్టాపై తిరిగి వచ్చును. రిలే నాలుక పట్టుకొనియుండును. ఆ నాలుక మూసిన రెండవ వలయములో గేటు అయస్కాంతముండి అడ్డుకర్రను పైకెత్తి ఉంచును. బండి ఆ భాగమును చేరగానే దాని లోహపు చక్రములును, ఇరుసును రెండు పట్టాలను కలుపును. విద్యుత్తు సులభమార్గమగు ఇరుసు గుండా పోవును. రిలేకు చాలినంత అందదు. నాలుక విడిపోవును. రెండవ వలయము తెగును. అడ్డుకర్ర తన బరువుచే తానే పడును. కడపటి చక్రము దాటువరకు అది లేవదు. నిరోధము లేనిచో ఇరుసు ఘటమును నేరుగా కలిపి శీఘ్రమే పీల్చివేయును. బండి తన ఘటమును తనలోనే మోయునది కావలెను. చక్రములు కొయ్యవైనను, ప్లాస్టిక్‌వైనను పనికిరావు.

ఆ భాగము గేటుకు ఎంత ముందు మొదలు కావలెను? బొమ్మరైలు క్షణమునకు 20 సెంటీమీటర్లు పోవుననుకొందము. అడ్డుకర్ర పూర్తిగా పడుటకు 3 క్షణములు పట్టునేని, 60 సెంటీమీటర్లు కనీసదూరము. రెట్టింపు చేసి 120 ఉంచుట మేలు. గేటు అవతల కూడ కొంతదూరము ఆ భాగము సాగవలెను.

ఇందు జీవమైన సూత్రమేమనగా, విద్యుత్తు ఉన్నప్పుడు దారి తెరచియుండుటయు, లేనప్పుడు మూసికొనుటయు. ఘటము ఖాళీ యైనను, తీగ తెగినను, పట్టా విరిగినను గేటు పడును. దీనికి విరుద్ధముగా బండి వచ్చినప్పుడే రిలే పనిచేయునట్లు కట్టినను ప్రదర్శననాడు తేడా కనబడదు. ఘటము చచ్చిననాడు మాత్రము గేటు లేచియుండును, బండి వచ్చును. కావున ఉపాధ్యాయుడు మార్కులు వేయకముందు ఒక తీగను ఊడబెరికి చూడవలెను. గేటు పడిన విద్యార్థికే పూర్తి మార్కులు.

ఇది కేవలము ఆటవిషయము కాదు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని గేటును దాటుచున్న పాఠశాల బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ దినము తెలుగునాట ఏ ఉపాధ్యాయుడును మరువలేడు. 2019 జనవరి నాటికి మన దేశపు బ్రాడ్‌గేజి మార్గములపై కాపలా లేని గేట్లను తొలగించిరి. మన గేట్లను సాధారణముగా మనిషియే వేయును. ఐనను సిగ్నలుతో ముడిపెట్టిన గేట్ల వద్ద, గేటు పడి తాళము పడనిదే బండికి దారి దొరకదు. ఆ ముడిని చాలకాలము మోసినవి రిలేలే. 1957లో సికిందరాబాదున నెలకొల్పిన రైల్వే సిగ్నలు శిక్షణసంస్థ ఈ విద్యను దేశమంతటికి నేర్పుచున్నది.

హెన్రీ వృద్ధాప్యమునందును యువకులకు తలుపు మూయలేదు. 1875లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన తలపును వినిపించి, తనకు విద్యుచ్ఛాస్త్రము చాలదని సందేహింపగా, హెన్రీ దానిని నేర్చుకొమ్మని ధైర్యము చెప్పి పంపెను. మరుసటి సంవత్సరము టెలిఫోను పలికెను. 1878 మే 13న హెన్రీ వాషింగ్టనులో కన్నుమూసెను. 1893లో చికాగోలో సమావేశమైన విద్యుచ్ఛాస్త్రజ్ఞులు స్వయంప్రేరణ కొలతకు హెన్రీ యని పేరుపెట్టిరి. ఫారడే పేర వేరొక కొలత కలదు. ఒకనాడు సెలవుల కొరకు వేచి వెనుకబడిన పంతులు, ఆ మహనీయుని ప్రక్కనే పాఠ్యపుస్తకములో నిలిచెను.

ఈసారి రైలుగేటు ముందు ఆగినప్పుడు విద్యార్థులు విసుగుకొనక ఒక్క నిమిషము ఈ కథను తలచుకొందురుగాక. సెలవులలో ఖాళీహాలున తీగలు చుట్టుకొన్న పంతులొకడు, అదరులు భరించిన పార్కర్, తన తప్పును తానే దిద్దుకొన్న రాబిన్సన్, వీరి శ్రమ ఆ అడ్డుకర్ర వెనుక కలదు. అది పడినది మనలను ఆపుటకు కాదు, ఇంటికి చేర్చుటకు.